పరుగుకు ముందు స్ట్రెచింగ్ చేయాలా, తరువాత చేయాలా? పిక్కల బిగుతు మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న: నెమ్మదిపరుగు

అందరికీ నమస్కారం. కొంతకాలంగా పరుగు అలవాటు చేసుకొని, ఇప్పుడు మొదటిసారి హాఫ్ మారథాన్‌కు, అంటే 21.1 కిలోమీటర్ల దూరానికి సిద్ధమవుతున్నాను. ఏ రోజు ఎంత దూరం పరుగెత్తాలన్న విషయంలో నాకు పెద్దగా సందేహాలు లేవు గానీ, స్ట్రెచింగ్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. చిన్నప్పుడు వ్యాయామం మాస్టారు నేర్పినట్టు, పరుగు మొదలుపెట్టే ముందు నిలబడి ముందుకు వంగి, కాలివేళ్లు పట్టుకొని, ఇరవై అంకెలు లెక్కపెట్టి వదలడం నా పద్ధతి. నాతో పరుగెత్తేవారిలో ఒకరు అది చూసి, వేడెక్కని కండరాన్ని అలా లాగితే ఏదో ఒక రోజు తెగి కూర్చుంటుందని హెచ్చరించారు. మరొకరు, ముందు చేయకపోయినా పరవాలేదు గానీ పరుగయ్యాక చేయకపోతే మర్నాడు ఒళ్లు నొప్పులు తప్పవంటారు. మూడో ఆయన అసలు స్ట్రెచింగ్ జోలికే పోరు. అయినా ఏ గాయమూ లేకుండా ఏళ్ల తరబడి నిక్షేపంగా పరుగెత్తుతున్నారు.

వీరిలో ఎవరి మాట పట్టుకోవాలో తెలియడం లేదు. అసలు ఎప్పుడు చేయాలి, ఒక్కో కండరాన్ని ఎంతసేపు పట్టి ఉంచాలి అన్నది నా మొదటి ప్రశ్న. రెండోది నా పిక్కల గురించి. అవి ఎప్పుడూ బిగుసుకొని ఉన్నట్టే ఉంటాయి. రోజూ గోడకు చేతులు ఆనించి సాగదీస్తున్నాను. ఆ పూటకు హాయిగానే ఉంటుంది, మర్నాటికి కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకా ఎక్కువసేపు సాగదీయాలా, లేక నేను చేసే తీరులోనే లోపముందా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: దూరపుబాట

నెమ్మదిపరుగు గారూ, మీరు విన్న మూడు మాటల్లోనూ అంతో ఇంతో నిజం ఉంది, కాకపోతే అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఆ పూట పరుగుకు ఒంటిని సిద్ధం చేయడం ఒక పని, కీళ్ల కదలికను నెలల తరబడి పెంచుకోవడం మరో పని, గాయాలు రాకుండా చూసుకోవడం ఇంకో పని. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఇంత గందరగోళం.

ముందుగా, పరుగుకు ముందు చేసే సంగతి. ఒక భంగిమలో కదలకుండా నిలిచి కండరాన్ని పట్టి ఉంచే స్టాటిక్ స్ట్రెచింగ్‌ను ఒక్కో కండరానికి 60 సెకన్లు, అంతకు మించి చేస్తే, ఆ వెంటనే చేసే వేగపు పనిలోనూ బలం పెట్టే పనిలోనూ సామర్థ్యం సగటున 4 నుంచి 5 శాతం తగ్గుతుందని 2016లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. 60 సెకన్ల లోపు అయితే ఆ తగ్గుదల 1 శాతం చుట్టుపక్కలే ఉంది. కదులుతూ చేసే డైనమిక్ స్ట్రెచింగ్ తరువాత మాత్రం దాదాపు అంతే స్వల్పంగా, 1 శాతం పైచిలుకు మెరుగుదల కనిపించింది. అంటే మీ ఇరవై అంకెల వంగుడు వల్ల కొంప మునిగేదేమీ లేదు, కండరం తెగుతుందన్న భయం కూడా అక్కర్లేదు. అయితే పరుగుకు దానివల్ల ఒరిగేదీ అంతంతమాత్రమే. ఆ ఒకటి రెండు నిమిషాలను ఒంటిని వేడెక్కించే కదలికలకు పెడితే ఎక్కువ పనికొస్తాయి.

నెమ్మదిగా, సులువుగా పరుగెత్తే రోజున నా మటుకు నేను విడిగా వార్మప్ ఏమీ చేయను. కొద్దిసేపు చురుగ్గా నడిచి, మొదటి పది నిమిషాలు మరీ నింపాదిగా పరుగెత్తితే అదే వార్మప్ అవుతుంది. వేగంగా పరుగెత్తే రోజున మాత్రం ఒళ్లు సిద్ధం కాకుండా దిగకూడదు. ఆ రోజు పది నిమిషాల జాగింగ్ అయ్యాక కాళ్ల ఊపులు, నడుస్తూ చేసే లంజెస్ (ఒక కాలు బాగా ముందుకు వేసి మోకాళ్లు వంచి కిందికి దిగడం), మోకాళ్లు పైకెత్తుతూ పరుగు, మడమలు పిరుదులకు తగిలేలా పరుగు, ఆపైన 80 నుంచి 100 మీటర్ల దూరం క్రమంగా వేగం పెంచుతూ నాలుగు స్ట్రైడ్స్. కాళ్ల ఊపులు చాలామంది చేసే తీరు చూస్తే భయమేస్తుంది. గోడకు చేయి ఆనించి నిలబడ్డాక ఊపు తుంటి నుంచి రావాలి, నడుము వంకర పోకూడదు. మొదటి నాలుగైదు ఊపులు మోకాలి ఎత్తు దాటకుండా ఉంచి, కాలు దానంతట అది తేలికపడే కొద్దీ ఎత్తు పెంచాలి. మొదటి ఊపుకే కాలును తలెత్తుకు విసరడం విన్యాసం అవుతుందేమో గానీ వార్మప్ కాదు.

ఇక ఒళ్లు నొప్పుల మాట. అలవాటు లేని శ్రమ తరువాత, ముఖ్యంగా వాలు దిగుతూ పరుగెత్తాక వచ్చే నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల ఆ నొప్పి వస్తుందని, సాగదీస్తే ఆ ఆమ్లం బయటికి పోతుందని ఇప్పటికీ చెప్పుకుంటుంటారు గానీ, పరుగు ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలో లాక్టేట్ (ఆ ఆమ్లం రక్తంలో ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఎల్లుండి నొప్పికి అది కారణం కాజాలదు. బరువును మోస్తూనే సాగవలసి వచ్చిన కండరపు పోగుల్లో కలిగే సూక్ష్మమైన దెబ్బ, దాని వెంట వచ్చే వాపు దీనికి మూలం. అలా దెబ్బతిన్న పోగులను మళ్లీ లాగినంత మాత్రాన అవి త్వరగా మానవు. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2011లో ప్రచురించిన సమీక్షలో 12 అధ్యయనాలను కలిపి చూస్తే, స్ట్రెచింగ్ ముందు చేసినా తరువాత చేసినా నొప్పిలో తేడా 100 పాయింట్ల కొలమానంలో నాలుగు పాయింట్లకు మించలేదు. అంత తేడా మనిషికి తెలియను కూడా తెలియదు.

గాయాల విషయంలో మీ మూడో మిత్రుడిది ఒట్టి అదృష్టం కాదు. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందిని రెండు జట్లు చేసి 12 వారాలు గమనించిన అధ్యయనం 2000లో వెలువడింది. వ్యాయామానికి ముందు సాగదీసిన జట్టుకూ సాగదీయని జట్టుకూ కాళ్ల గాయాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికా అథ్లెటిక్స్ సంస్థ యూఎస్ఏ ట్రాక్ అండ్ ఫీల్డ్ తరఫున 2,729 మంది పరుగరులపై జరిగిన మరో అధ్యయనంలోనూ ఫలితం అదే. అయితే ఈ రెండో దానిలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది: అంతకుముందు క్రమం తప్పకుండా సాగదీసే అలవాటుండి, అధ్యయనం కోసం ఒక్కసారిగా మానేసినవారిలో గాయాలు పెరిగాయి. కాబట్టి నా మాట విని రేపటి నుంచే అన్నీ కట్టిపెట్టకండి. ఏ మార్పైనా కొన్ని వారాల మీద, మెల్లమెల్లగా చేయండి.

సమాధానం: మడమశాస్త్రం

నేను ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నాను. దూరపుబాట గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పరుగరులలో ఎక్కువమంది మీలాగే పిక్కల బిగుతుతోనో తొడ వెనుక బిగుతుతోనో వస్తారు.

కండరం బిగుతుగా అనిపించడం వేరు, అది నిజంగా పొట్టిబడి ఉండటం వేరు. శక్తికి మించిన పని పడి అలసిన కండరం కూడా బిగుతుగానే అనిపిస్తుంది. సాగదీసినప్పుడు కలిగే హాయి చాలామటుకు నాడీవ్యవస్థకు సంబంధించినది. ఆ లాగుడును శరీరం మునుపటికంటే ఎక్కువ ఓర్చుకుంటుంది తప్ప, కండరం పొడవు ఆ కాసేపట్లో పెరిగిపోదు. అందుకే ఆ హాయి గంటల్లో కరిగిపోతుంది. మర్నాటికి మళ్లీ మొదటికి రావడానికి కారణం మీరు తక్కువసేపు సాగదీయడం కాకపోవచ్చు, బలం చాలకపోవడం కావచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. చెప్పులు విడిచి, గోడకు ఎదురుగా నిలబడి, ఒక పాదం బొటనవేలిని గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మడమను నేల మీది నుంచి ఏమాత్రం లేవనీయకుండా మోకాలిని ముందుకు వంచి గోడకు తాకించడానికి ప్రయత్నించండి. మోకాలు సులువుగా తాకితే మీ చీలమండ వంపు పరుగుకు చాలు, సాగదీత మీ సమస్యకు మందు కాదు. తాకకపోతే, లేదా రెండు కాళ్ల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తే, అప్పుడు పిక్కలను సాగదీయడంలో అర్థముంది. తాకే ప్రయత్నంలో చీలమండ ముందు భాగాన ఏదో అడ్డుపడి నొక్కుకున్నట్టు అనిపిస్తే అది కండరపు బిగుతు కాదు, కీలుకు సంబంధించిన విషయం. దాన్ని ఎవరికైనా చూపించుకోవాలి.

సాగదీయవలసి వస్తే, పరుగయ్యాక ఒళ్లు వేడిగా ఉన్నప్పుడైనా చేయవచ్చు, సాయంత్రం విడిగా ఐదు నిమిషాలు నడిచాకైనా చేయవచ్చు. ఒక్కోసారి 30 సెకన్ల చొప్పున, ఒక్కో కండరానికి మొత్తం ఒక నిమిషం, వారంలో కనీసం రెండు మూడు రోజులు. ఆరు వారాల తరువాత గానీ లెక్కకు వచ్చే మార్పు ఆశించవద్దు. లాగుడు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. పళ్లు బిగించి ఊపిరి బిగబట్టవలసి వస్తోందంటే హద్దు దాటినట్టే.

పిక్కలో పైన ఉండే పెద్ద కండరం మోకాలిని దాటి తొడ ఎముకకు అతుక్కుంటుంది, దాని అడుగున ఉండే సోలియస్ మోకాలి కిందనే ఆగిపోతుంది. అందువల్ల వెనుక కాలి మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కాస్త వంచి ఒకసారి, రెండు విధాలా చేయాలి. చాలామంది రెండోది వదిలేస్తారు. గోడ దగ్గర నిలబడినప్పుడు వెనుక పాదం వేళ్లు సూటిగా గోడవైపే ఉండాలి. పాదం బయటికి తిరిగి, దాని లోపలి వంపు నేలకు కుంగిపోయిందంటే, లాగుడు పిక్కకు అందకుండా పాదం మధ్యలోనే ఖర్చైపోతుంది. మీరు చేసే తీరులో లోపముందా అని అడిగారు కనుక, ముందుగా చూసుకోవలసింది ఇదే.

తుంటి ముందు కండరాల విషయంలో కూడా ఇటువంటి పొరపాటే జరుగుతుంది. ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి కూర్చున్నాక, అందరూ ఛాతీని ముందుకు తోసి నడుము వెనుక గుంట పడేలా వంగుతారు. అప్పుడు సాగేది తుంటి కండరం కాదు, బాధపడేది నడుము. ముందుకు జరగకుండా, నేల మీద ఉన్న కాలివైపు పిరుదును గట్టిగా బిగించి, కటిని కొద్దిగా లోపలికి మడిచి చూడండి; ఉన్నచోటే ఉండి కూడా తొడ ముందు పైభాగాన లాగుడు ఎలా మొదలవుతుందో మీకే తెలుస్తుంది.

అసలు సాగదీయకూడని సందర్భాలు కూడా చెప్పాలి, ఎందుకంటే నొప్పి ఎక్కడ ఉంటే అక్కడ లాగడం అందరికీ అలవాటు. కూర్చునే ఎముక దగ్గర, తొడ వెనుక కండరం మొదలయ్యే చోట నొప్పి ఉంటే, ముందుకు వంగి లాగడం వల్ల అక్కడి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి నార) ఎముకకు నొక్కుకుపోయి నొప్పి ముదురుతుంది. పిక్కను మడమకు కలిపే అకిలీస్ టెండన్ మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పి ఉన్నప్పుడు మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించడం కూడా అంతే. పరుగు మధ్యలో పిక్కలో ఎవరో రాయితో కొట్టినట్టు చటుక్కున నొప్పి పుడితే అది కండరం చిరగడం కావచ్చు. మొదటి కొన్ని రోజులు దాన్ని లాగనే కూడదు. కాలి ఎముక మీద వేలు పెట్టి చూపగలిగినంత చిన్న చోట నొప్పి ఉండి, పరుగెత్తే కొద్దీ పెరుగుతుంటే, స్ట్రెచింగూ వద్దు, పరుగూ వద్దు, ముందు వైద్యుడికి చూపించాలి. తొడ బయటివైపు ఉండే ఐటీ బ్యాండ్ మందపాటి పట్టీ వంటి కణజాలం. మనం చేసే సాగదీతలకు అది దాదాపు లొంగదు కనుక దాని మీద కాలం వృథా చేయవద్దు.

ఒక్క మినహాయింపు అరికాలి నొప్పి. ఉదయం మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టుండే ప్లాంటార్ ఫేషియైటిస్‌లో, దిగకముందే కాలిని రెండో మోకాలి మీద వేసుకొని, కాలివేళ్లను చేత్తో వెనక్కి వంచి 10 సెకన్ల చొప్పున పదిసార్లు పట్టి ఉంచడం, అలా రోజుకు మూడుసార్లు చేయడం నిజంగానే మేలు చేస్తుంది.

సమాధానం: హర్డిల్‌వీరుడు

పైవారి మాటల్లో తప్పేమీ లేదు గానీ, స్టాటిక్ స్ట్రెచింగ్‌ను పరుగుకు ముందు పూర్తిగా వెలివేయడం నాకు నచ్చదు. నేను హర్డిల్స్ పరుగెత్తుతాను. అడ్డంకి దాటే కాలికి తుంటి దగ్గర ఎంత కదలిక కావాలో, దూరపు పరుగులో అందులో సగం కూడా అక్కరలేదు కాబట్టి, మీ లెక్కలు మా ఆటకు యథాతథంగా సరిపోవు. జాగింగ్ అయ్యాక తుంటినీ తొడ వెనుక భాగాన్నీ పదిహేను, ఇరవై సెకన్లు పట్టి ఉంచి, ఆ తరువాత డ్రిల్స్, స్ట్రైడ్స్ చేస్తే, ముందు తగ్గిందన్న ఆ కాస్త బలం కూడా తిరిగి వచ్చేస్తుంది. చివరికి చేసేది కదలికే కావాలి. స్టాటిక్ స్ట్రెచింగ్ చేసి నేరుగా గీత దగ్గరికి వెళ్లడమే తప్పు. దానికి తోడు, పోటీకి ముందు మనసు కుదుటపడటానికి కూడా ఆ కాసేపు పనికొస్తుంది, దాన్ని ఏ కొలమానంలో వేస్తారు?

సమాధానం: దూరపుబాట

హర్డిల్‌వీరుడు గారి అభ్యంతరం న్యాయమైనదే, వార్మప్ మధ్యలో క్లుప్తంగా చేస్తే నష్టం దాదాపు మిగలదు. నేను దూరపు పరుగు దృష్టితోనే మాట్లాడాను. మన పరుగులో కాస్త బిగుతు ఉండటం లోపమేమీ కాదు. అంతర్జాతీయ స్థాయి దూరపు పరుగరులు 34 మందిని పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కూర్చుని ముందుకు వంగి కాళ్లు అందుకునే పరీక్షలో వెనుకబడినవారే ఒకే వేగానికి తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేశారు. నేలను తాకిన ప్రతిసారీ పిక్క, అకిలీస్ టెండన్ స్ప్రింగులా శక్తిని దాచి తిరిగి ఇస్తాయి, మరీ వదులైతే ఆ పని సాగదన్నది దీనికి ఎక్కువమంది చెప్పే కారణం. కాలివేళ్లు అందలేదని బెంగపెట్టుకునేవారు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

నెమ్మదిపరుగు

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మడమశాస్త్రం గారు చెప్పిన గోడ పరీక్ష చేసి చూశాను. రెండు మోకాళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా గోడకు తాకాయి, చీలమండ దగ్గర అడ్డు కూడా ఏమీ లేదు. అంటే నాకు కావలసింది బలమే అనుకోవాలి. అయితే ఏ వ్యాయామం, ఎంత చేయాలి? పరుగెత్తే రోజుల్లో చేస్తే కాళ్లు మరింత అలసిపోవా? ఇప్పుడు రోజూ చేస్తున్న పిక్కల స్ట్రెచింగ్ ఏం చేయమంటారు?

సమాధానం: మడమశాస్త్రం

ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించడం మీకు చాలు. తూలిపోకుండా గోడకు రెండు వేళ్లు ఆనించుకోండి, బరువు మాత్రం చేతుల మీద వేయవద్దు. రెండు సెకన్లలో పైకి లేచి, పైన ఒక్క క్షణం ఆగి, మూడు సెకన్లలో నింపాదిగా దిగాలి. పైకి వెళ్లేటప్పుడు బరువు చిటికెన వేలివైపు జారకుండా బొటనవేలి మొదలు మీదనే ఉండాలి. ముందు ఒక్కో కాలితో ఎన్ని చేయగలరో లెక్కపెట్టండి. పరుగరులకు ఇరవై ఐదు వరకు రావాలని నేను చూస్తాను. పది, పన్నెండుకే మడమ ఎత్తు తగ్గిపోతుంటే మీ బిగుతుకు కారణం దొరికినట్టే. చేయగలిగినదానికి రెండు మూడు తక్కువగా ఒక విడత చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య ఒకటి రెండు నిమిషాల విరామంతో, వారానికి రెండు మూడుసార్లు చేయండి. మోకాలు నిటారుగా పెట్టి చేసే విడతలతో పాటు, మోకాలు వంచి చేసే విడత ఒకటైనా ఉండాలి, ఎందుకంటే దూరపు పరుగులో ఎక్కువ భారం మోసేది సోలియసే. మూడు విడతలూ తేలికైపోయాక వీపుకు బరువున్న సంచి తగిలించుకోండి. కదలిక పూర్తి మేర చేసే బలవర్ధక వ్యాయామం కీళ్ల వంపును కూడా స్ట్రెచింగ్‌తో సమానంగానే పెంచుతుందని 2021లో వచ్చిన సమీక్ష ఒకటి చూపింది, కాబట్టి స్ట్రెచింగ్ తగ్గించుకుంటే ఏదో పోగొట్టుకుంటామన్న దిగులు అక్కరలేదు.

రోజూ చేస్తున్నదాన్ని ఒక్కసారిగా ఆపవద్దు. హాయిగా ఉంటుందంటున్నారు కనుక పరుగయ్యాక ఒక్కో పిక్కకు 30 సెకన్లు ఉంచుకోండి, పరుగుకు ముందు చేసేది మాత్రం రెండు మూడు వారాల్లో క్రమంగా తగ్గించి ఆ స్థానంలో నడక, కాళ్ల ఊపులు పెట్టండి. మడమ ఎత్తే వ్యాయామాన్ని సులువు పరుగు రోజున, పరుగయ్యాక చేయడం మంచిది. అప్పుడు విశ్రాంతి రోజు నిజంగా విశ్రాంతిగానే మిగులుతుంది. మొదటి వారం పిక్కలు కాస్త నొప్పెడతాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే దాని గురించి ఆలోచించకండి. ఉదయం లేవగానే అకిలీస్ టెండన్ బిర్రబిగిసి, నడక మొదలుపెట్టాక కూడా చాలాసేపు వదలకపోతే మాత్రం విడతలు సగానికి తగ్గించండి. వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగెత్తే రోజుకు ముందు రోజున ఈ వ్యాయామం వద్దు, హాఫ్ మారథాన్‌కు ముందు వారంలో అసలే వద్దు.